సుగంధిపాల - చెంచుల వనవైద్యం

ఆయుర్వేదం గురుకులాలలో, రాజాస్థానాలలో పుట్టి పెరిగిందని పలువురు భావిస్తారు. చరకాచార్యుల అభిప్రాయం వేరు. మేకలను, గొర్రెలను, ఆవులను కాచేవారు, తక్కిన వనవాసులు ఓషధుల పేర్లను, రూపాలను ఎరుగుదురని ఆయన సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే సెలవిచ్చారు. పేరు, రూపం తెలిస్తే చాలదనీ, ప్రయోగం కూడా ఎరిగినవాడే వైద్యుడనీ ఆ వెంటనే చెప్పారు. గురుకులంలో ఈ విషయాన్ని వల్లె వేసినపుడు నా మనసుకు రెండవ మాటే పట్టింది. మొదటి మాట విలువ తెలియడానికి ఒక చెంచు అవ్వ ముందు తలవంచవలసి వచ్చింది.

చెంచులెవరు?

మా రాజుపాలేనికి పడమరగా పోతే మాచర్ల, వెల్దుర్తి, దుర్గి ప్రాంతాలు, దక్షిణంగా బొల్లాపల్లి అడవులు తగులుతాయి. నల్లమల అంచున ఉన్న ఈ పల్నాటి సీమలో చెంచుగూడేలు ఉన్నాయి. నల్లమల లోపలి ఆవాసాలను పెంటలంటారు. చెంచుల మాతృభాష తెలుగే. వేట, తేనె సేకరణ, దుంపలు తవ్వుకోవడం వారి పూర్వపు జీవనాధారాలు. 1940 ప్రాంతంలో వారి నడుమ నివసించిన ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే పండితుడు 1943లో వారిపై ఒక గ్రంథం ప్రకటించాడు. తరువాతి కాలంలో ప్రభుత్వం వారిని ఆదిమ గిరిజన తెగలలో చేర్చింది.

దైవంతో వారికున్నది బంధుత్వం. శ్రీశైల మల్లికార్జునుడు చెంచు కన్యను వరించి తమకు అల్లుడైనాడని వారి నమ్మకం. అందుకే ఆయనను చెంచు మల్లయ్య అంటారు. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయమాడిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. అడవిలో వేటనూ, ఫలాలనూ ప్రసాదించే తల్లిగా గారెల మైసమ్మను కొలుస్తారు. దొరికిన దానిలో తొలిభాగం ఆమెకు చెల్లించిన తరువాతే తమ వంతు.

నేను చేసిన పొరపాటు

1986 వేసవి. వైద్యం ఆరంభించి ఎంతో కాలం కాలేదు. మిరప కల్లాలలో ఎండకు పనిచేసి, ఒళ్లంతా మంటలతో, మూత్రంలో మంటతో ఒక రైతు నా వద్దకు వచ్చాడు. పిత్తం ప్రకోపించినదని నిశ్చయించి సుగంధిపాల కషాయం ఇచ్చాను. సారిబ, అనంతమూలం అని శాస్త్రం పేర్కొన్న ఓషధి ఇదే. పది రోజులైనా గుణం కానరాలేదు. మోతాదు పెంచాను. అతని బాధ తగ్గలేదు, నా అహంకారమూ తగ్గలేదు.

ఆ రోజులలో ఒక చెంచు అవ్వ తేనె, కుంకుడుకాయలు అమ్ముకోవడానికి మా వీధికి వచ్చేది. అరుగు మీద ఆరబోసిన నా వేళ్లను చూసి ఒకటి చేతిలోకి తీసుకుని విరిచింది, వాసన చూసింది.

"ఇదేం వేరు సామీ?" అని అడిగింది.

"సుగంధిపాల అవ్వా. పట్నం నుంచి తెప్పించాను."

"ఎవరో మోసం చేసిండ్రు సామీ. సుగంధం లేని సుగంధిపాల యాడన్నా ఉంటదా?"

ఆ వేళ్లను బస్తా లెక్కన ఒక దుకాణంలో కొన్నాను. పేరు చీటీ మీద చూశానే గాని, రూపం నేను పరీక్షించలేదు. మూడవ నాడు అవ్వ అసలు వేళ్లు తెచ్చింది. పలుచని తీగ, ఆకు నడుమ తెల్లని చార, తుంచితే పాలు, వేరు గీకితే పరిమళం. రాతిమీద వేరును కర్రతో మెల్లగా తట్టి, పైబెరడును ఊడదీసి, లోపలి పుల్లను పారవేసింది. "గుణమంతా తోలులో ఉంటది సామీ, పుల్ల పొయ్యిలోకే" అన్నది. నేను అంతవరకు పుల్లతో సహా దంచేవాడిని. కొత్త వేరుతో ఆ రైతుకు వారంలో ఉపశమనం కలిగింది.

ఇంటిలో వాడుకునే విధానం

సుగంధిపాల వేరు బెరడును నీడలో ఆరబెట్టి నలగ్గొట్టి మూతగల సీసాలో ఉంచుకోవాలి. ఎండలో ఆరబెడితే పరిమళం పోతుంది. ఒక చెంచా పొడిని ఒక గ్లాసు వేడినీటిలో వేసి మూతపెట్టి, చల్లారిన తరువాత వడగట్టి, కాస్త పటికబెల్లంతో సేవించవచ్చు. శాస్త్రం దీనిని ఫాంటమంటుంది. పరిమళద్రవ్యాలను చాలాసేపు మరిగించకుండా ఇట్లా వాడుకోవడమే మేలు. వేసవి తాపం, దప్పిక, ఒంటి మంటలు ఉన్నవారికి ఇది హితకరం.

అయితే మూత్రంలో మంటతోపాటు జ్వరం, వణుకు, నడుము పక్కల నొప్పి ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే పరీక్షలు చేయించుకోవాలి. గర్భిణులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

తేనె విషయం

కొండచరియలకు పట్టే పెద్ద తేనెపట్టును తీసేందుకు చెంచు యువకుడు తీగలతో పేనిన తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడును కాచేవాడు బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు అతని చేతిలో ఉన్నట్లే కదా! మనం గరిటెతో తీసుకునే తేనె వెనుక ఇంత ప్రాణభయం ఉంది.

సుశ్రుతుడు తేనెను ఎనిమిది రకాలుగా చెప్పాడు. కొత్త తేనె పుష్టినిస్తుంది, పాతది కొవ్వును కరిగిస్తుందని శాస్త్రవచనం. తేనెను వేడిచేయరాదు, నేయితో సమభాగంగా కలపరాదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో పాత ఆచారం. ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టరాదని నేటి వైద్యం హెచ్చరిస్తున్నది. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు పసివారికి ప్రాణాపాయకరమైన బోటులిజం కలిగించగలవు. ఈ ఆచారం మానివేయడమే శ్రేయస్కరం.

తీర్చని ఋణం

అవ్వ తీగను సమూలంగా పెరికేది కాదు. కొంత వేరును మట్టిలోనే విడిచి, గుంట పూడ్చి వచ్చేది. నేడు వర్తకం కోసం తవ్వేవారికి ఆ ఓపిక లేదు. సుగంధిపాలకు బదులుగా షరబత్తులలో వాడే మారేడు గడ్డల తీగ ఇప్పటికే అంతరించే ప్రమాదంలో పడింది. చెంచు పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో చదువుకోవడం ఎంతో మంచిదే. అయితే అవ్వ ముక్కుకున్న చదువును వారికి చెప్పేవారెవరు?

కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కనుంచి పరిశోధకులు "జీవని" అనే ఔషధం రూపొందించారు. 1995లో తయారీ హక్కు ఇచ్చినపుడు వచ్చిన ప్రతిఫలంలో సగం కాణీలకు చెందేట్లు ఏర్పాటు చేశారు. నేను ఆపాటి న్యాయం కూడా చేయలేదు. అవ్వ చెప్పిన పద్ధతిలో ఇన్నేళ్లూ మందు చేశాను. అది నా గురుపరంపర అని రోగులు అనుకుంటుంటే కాదనలేదు. ఆమె రావడం మానివేసిన తరువాత ఏ గూడెమో విచారించబోతే, ఆమె పేరైనా నేను అడగలేదని తెలిసివచ్చింది.

ఇకపై వేళ్లు, తేనె కొనే గృహిణులకు నా విన్నపం ఒక్కటే. తెచ్చినవారి వద్ద బేరమాడే ముందు, అది ఎక్కడ దొరికిందో, ఎట్లా గుర్తించారో అడగండి. వారు చెప్పింది రాసిపెట్టుకోండి. పక్కనే వారి పేరు కూడా రాయండి.