చెవులు మూసుకునే పిల్లవాడి పండుగ

రంజాన్ చివరి రోజుల్లో వరంగల్ మండీబజార్‌లో కాలు పెట్టే సందు ఉండదు. హలీం సెగ, అత్తరు ఘాటు, దుకాణాల ముందు కేకలు, కళ్లు జిగేల్‌మనే బల్బులు... మనకు ఇదంతా పండుగ కళ. ఆటిజం ఉన్న పిల్లవాడికి ఇదే యాతన కావచ్చు. రెండు చెవులూ మూసుకుని వాడు నడివీధిలో కూలబడితే చుట్టూ చేరినవారు తల్లి గారాబం అంటారు. లేదా సాయా పట్టిందని, తావీజు కట్టించమని చెబుతారు. రెండూ సరికాదు.

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది. పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ ఈ పిల్లల్లో చాలామందికి భరించలేనంతగా తగులుతాయి.

మన పండుగలో మరో చిక్కుంది. ఈద్ రేపా, ఎల్లుండా అన్నది ఇరవై తొమ్మిదో ఉపవాసం విరమించి నెలవంక కోసం చూసేదాకా తేలదు. మనకు అది సరదా ఎదురుచూపు. ఏ రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తేగానీ స్థిమితపడని పిల్లవాడికి అది పెద్ద అలజడి. వారం ముందే ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. 'చంద్రుడు కనిపిస్తే రేపు ఈద్, కనిపించకపోతే ఎల్లుండి' అని బొమ్మలతో చూపండి. ఈద్ ఉదయం జరిగేవన్నీ, స్నానం, బట్టలు, నమాజు, సేమియా, అదే వరుసలో గీసి గోడకు అంటించండి.

బట్టల సంగతి. గంజి పెట్టిన కుర్తా, మెడ దగ్గర గుచ్చుకునే జరీ వద్దు. పండుగకు కొత్తవే కట్టాలన్న నిబంధన లేదు, ఉన్నవాటిలో మంచివి చాలు. ఒకటి రెండుసార్లు ఉతికిన మెత్తని నూలు కుర్తా మేలు. షీర్ ఖుర్మాలో నాలుకకు తగిలే ఖర్జూరం, బాదం ముక్కలు నచ్చకపోతే వాడికి రోజూ తినేదే పెట్టండి. దానికి నానీ నొచ్చుకోనక్కరలేదు.

ఈద్‌గాహ్ జనసందోహం భరించలేని పిల్లవాణ్ణి చిన్న మసీదుకు తీసుకెళ్లి, లౌడ్‌స్పీకర్‌కు దూరంగా, చివరి సఫ్‌లో తలుపు పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. నమాజులో పసివాడి ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు కలత చెందుతుందని దైవప్రవక్త (స) నమాజును కుదించేవారని హదీసుల్లో ఉంది. మరి పిల్లవాడు కేకవేస్తే తండ్రివైపు గుడ్లురిమి చూడటం ఎవరి సున్నత్?

ఆలింగనాలు ఇంకో పరీక్ష. చాచాలు, ఫుప్పూలు ఒకరి తర్వాత ఒకరు గుండెకు హత్తుకుంటే వాడు బెదిరిపోతాడు. దూరం నుంచి సలాం చెబితే చాలని బంధువులకు ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లో ఒక గది అతిథులు రాకుండా ఉంచండి. ఫ్యాన్, వాడి దుప్పటి, ఇష్టమైన బొమ్మ అక్కడ ఉంటే చాలు.

ఇంకా పరీక్ష చేయించనివారు పండుగ కాగానే పిల్లల వైద్యుణ్ణి కలవండి. 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. వరంగల్ నుంచి రైల్లో కొన్ని గంటల ప్రయాణం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది కనుక ధృవపత్రం కూడా అడగవచ్చు.