మంచునేలపై రహదారి

వేసవిలో ఐసు దిమ్మను ఊకలో ఉంచి గోనెపట్టా కప్పుతారు. ఊక ఐసుకు చల్లదనాన్ని ఇవ్వదు. బయటి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, అంతే. ఇలాంటి పదార్థాలను ఉష్ణబంధకాలు అంటారు. ఈ సూత్రమే అతిశీతల ప్రాంతాలలో కొన్ని రహదారులను కాపాడుతున్నది.

అలాస్కా, ఉత్తర కెనడా, సైబీరియా ప్రాంతాలలో చాలాచోట్ల నేల లోపల ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటుంది. కనీసం రెండేళ్లపాటు సున్నా డిగ్రీల సెల్సియస్‌కు మించని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో దాని మీది పైపొర మాత్రమే కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. లోపలి మంచు మట్టిని రాయిలా పట్టి ఉంచుతుంది. ఆ మంచు కరిగితే నేల కుంగుతుంది. దానితోపాటు రహదారీ కుంగుతుంది.

1942లో కెనడా మీదుగా అలాస్కాకు రహదారి నిర్మించినప్పుడు ఈ సంగతి అనుభవానికి వచ్చింది. కొన్నిచోట్ల బుల్డోజర్లతో నేలమీది నాచును, మొక్కలను తొలగించారు. అంతవరకు నేలకు దుప్పటిలా ఉన్నది ఆ నాచే. అది పోగానే మంచు కరిగి, వాహనాలు బురదలో దిగబడ్డాయి. ఆ తరువాత నాచును కదిలించక, దానిమీదనే చెట్ల దుంగలు పరచి, పైన కంకర పోసి బాట వేశారు.

1969లో అలాస్కాలోని చిటినా సమీపంలో రహదారి కట్ట లోపల పాలీస్టైరీన్ పలకలు పరచి పరీక్షించారు. మనకు తెలిసిన థర్మోకోల్ కూడా ఈ జాతిదే. అయితే రహదారికి వాడే పలకలు బరువును, తేమను తట్టుకునేంత గట్టివి. కొన్ని సెంటీమీటర్ల పలక వేడిని ఆపడంలో మీటరుకు పైగా కంకరతో సమానం. అందువల్ల కట్టను మరీ ఎత్తుగా వేయనక్కరలేదు.

కాని ఉష్ణబంధకం రెండువైపులా పనిచేస్తుంది. వేసవి వేడిని ఆపినట్లే చలికాలపు చలినీ ఆపుతుంది. అందుచేత నేల గట్టిగా గడ్డకట్టి ఉన్నప్పుడే పలకలు పరచాలి. కరిగిన నేలపై పరిస్తే లోపలి వేడి అక్కడే నిలిచిపోతుంది. పలకలు లేని కట్ట వాలుల కింద మంచు కరిగి, అంచుల వెంట పగుళ్లు రావచ్చు కూడా.

నేడు భూగోళం వేడెక్కుతున్నది. ఊకలోని ఐసు ఆలస్యంగానైనా కరిగినట్లే, పలకల కింది మంచు కూడా కరగవచ్చు. ఉష్ణబంధకం వ్యవధి మాత్రమే ఇస్తుంది. ఆ వ్యవధిని సద్వినియోగం చేసుకోవడం మానవుని బాధ్యత.