పత్తి విత్తనం వెనుక పసి చేతులు

ఆదోని పత్తి మార్కెట్ మనందరికీ తెలుసు. పత్తి విత్తనం ఎలా తయారవుతుందో తెలిసినవారు తక్కువ. హైబ్రిడ్ విత్తనం కోసం సాయంత్రం ఒక్కో మొగ్గ ఒలిచి పుప్పొడి తీసివేయాలి. మరునాడు పొద్దున దానికి మగపువ్వు రాయాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి, మన కర్నూలు జిల్లాలో ఈ పనికి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టేవారు.

పొలం రైతుది, కొనేదీ, ధర నిర్ణయించేదీ కంపెనీ. ఆ ధరకు పెద్దల కూలి గిట్టదని రైతులు చెప్పేవారు. 2003లో దావులూరి వెంకటేశ్వర్లు గారి అధ్యయనం ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. ఆ తర్వాత బేయర్, మోన్‌శాంటో పొలాల తనిఖీకి ఒప్పుకొని, పిల్లలను పెట్టని రైతులకు 5 శాతం బోనస్ ప్రకటించాయి. సరఫరాదారుల దగ్గర జరిగే అన్యాయాన్ని కూడా కంపెనీ పట్టించుకోవాలని 2011లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు చెప్పాయి.

అయితే తనిఖీ పిల్లను పొలం నుంచి తప్పించగలదు కానీ బడిలో నిలపలేదు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు వలసపోతే, మా హాజరు పట్టీలో పేర్లే మిగులుతాయి. చెమట ఆరకముందే న్యాయమైన కూలి అందాలన్న ధర్మం కంపెనీకీ, వ్యాపారికీ, మనకూ ఒకటే. దాతలు వలస కాలంలో ఒక్క పిల్లకు వసతి, భోజనం చూసినా ఆ చదువు ఆగదు.