రంగు మాత్రం నేలదే

కిటికీకి బిగించే అద్దం పలకను అంచు వైపు నుంచి చూస్తే లేత ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇసుకతో పాటు వచ్చిన రవ్వంత ఇనుము చేసే పని అది. చెక్ రిపబ్లిక్ దక్షిణాన, వ్లతావా నది పరిసరాల పొలాల్లో దొరికే ఆకుపచ్చ రాళ్లదీ ఇదే కథ. కాకపోతే ఆ గాజును ఏ కొలిమిలోనూ కాచలేదు.

దాని పేరు మోల్డవైట్. పాత గాజు బట్టీల తుక్కు అన్నవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. పచ్చటి సీసా పెంకును పక్కన పెట్టి చూస్తే వాళ్లను తప్పు పట్టలేం.

అసలు పుట్టిల్లు పడమరన, జర్మనీలోని రీస్ పల్లం. సుమారు కోటీ 48 లక్షల ఏళ్ల కిందట అక్కడ ఓ గ్రహశకలం పడి, దాదాపు 24 కిలోమీటర్ల వెడల్పున నేలను తవ్వేసింది. నోర్‌డ్లింగెన్ అనే ఊరు ఇప్పుడు ఆ గుంతలోనే ఉంది. ఊళ్లోని సెయింట్ జార్జ్ చర్చిని కట్టింది కూడా ఆ దెబ్బకు పుట్టిన రాతితోనే. అందులో గాజు పెళ్లలుంటాయి. చాలాకాలం ఆ పల్లాన్ని అగ్నిపర్వతపు గుర్తుగానే లెక్కగట్టారు. 1960లో షూమేకర్, చావో అనే శాస్త్రవేత్తలు అక్కడి రాతిలో కోయెసైట్‌ను పట్టుకున్నాకే ఆ లెక్క తప్పింది. విపరీతమైన ఒత్తిడి పడితే తప్ప సిలికా ఆ రూపం ఎత్తదు.

శకలం తాకిన క్షణంలో నేల పైపొర ఇసుక, మట్టి కరిగి ఎగజిమ్మాయి. వందల కిలోమీటర్లు తూర్పుకు ఎగిరి పడేలోపే చల్లారిపోయాయి. స్ఫటికం కట్టే వ్యవధే లేదు, అందుకే గాజు. అందులో తడి కూడా దాదాపు మిగల్లేదు.

రంగు తేల్చేది ఎక్కువగా ఇనుమే. మోల్డవైట్‌లో అది తక్కువ, కనుక వెలుతురు దూరి పచ్చగా మెరుస్తుంది. దాదాపు 8 లక్షల ఏళ్ల నాటి ఆగ్నేయాసియా టెక్టైట్లలో, అంటే ఇలాగే ఎగిరిపడిన గాజు రాళ్లలో, అంతకు రెట్టింపు పైనే ఉంటుంది. చేతిలో పెడితే తారు ముద్దంత నలుపు. పలచటి పెచ్చును ఎండకు పట్టి చూస్తే గోధుమ రంగు బయటపడుతుంది.

లిబియా ఎడారి గాజు మరో దారి. అందులో 98 శాతం సిలికాయే, ఇనుము అంతంతమాత్రం. అందుకే లేత పసుపు. అక్కడక్కడా కనిపించే నల్లటి చారల్లో మాత్రం ఉల్క తాలూకు పదార్థం చిక్కుకుని ఉంది. ఈజిప్టు రాజు తుటన్‌ఖామున్ వక్షాభరణం మధ్యలో పొదిగిన పేడపురుగు బొమ్మను ఈ గాజుతోనే చెక్కారు. 1990లలో పరీక్షించేదాకా పండితులు దాన్ని చాల్సెడొనీ రాయి అనే రాసుకున్నారు.