బండి షెడ్డులో ప్లగ్ పాయింటు – ఇంటికి మరో పిట్టగోడ



కొత్త ఇల్లు కట్టినప్పుడు పైనుండి ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో దేవుడు ఆజ్ఞాపించాడు. మన ఇంటివలన ఎవరి ప్రాణానికీ హాని రాకూడదని దాని భావం. ఈ రోజుల్లో మేడకు పిట్టగోడ తప్పక కట్టిస్తున్నాము. కానీ కింద బండ్లు పెట్టే షెడ్డులోని ప్లగ్ పాయింటు సంగతి ఎంతమంది ఆలోచిస్తున్నాము?

షెడ్డులోనే ప్రమాదం ఎందుకు ఎక్కువ?

బండి కడిగేది అక్కడే. నీళ్ల మోటారు, డ్రిల్లింగ్ మిషను, ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జరు కూడా అక్కడే. నేల తడిగా ఉంటుంది, కాళ్లకు చెప్పులు ఉండవు. పొడి చర్మం కరెంటును కొంతవరకు అడ్డుకుంటుంది, తడి చర్మం అడ్డుకోలేదు. లీకైన కరెంటు చేతిలో ప్రవేశించి, గుండె మీదుగా పాదాల్లోంచి నేలలోకి పోతుంది.

ఎం.సి.బి. ఉంటే చాలదా?

“మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది కదా సిస్టరమ్మా, షాక్ కొడితే అదే పడిపోతుంది” అని చాలామంది అంటారు. ఇది పొరపాటు. ఎం.సి.బి. వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి శరీరంలో 10 మిల్లీ ఆంపియర్లు పారితేనే పట్టుకున్న చెయ్యి వదలలేని స్థితి రావచ్చు. 100 దగ్గర గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అంతవరకు ఎం.సి.బి.కి ఏమీ తెలియదు.

మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే పరికరం. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకను లోపే సరఫరా ఆపేస్తుంది. అమెరికా విద్యుత్ నియమావళిలో ఇంటి గరాజ్ ప్లగ్గులకు ఇటువంటి రక్షణ 1978లోనే చేర్చారు. అక్కడ ఉన్న మన పిల్లల ఇళ్లలో ప్లగ్గు మీద టెస్ట్, రీసెట్ బటన్లు కనిపించేది అందుకే.

మన దేశంలో ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ పాయింట్లకు కేంద్ర విద్యుత్ అథారిటీ 2019లో నిబంధనలు తెచ్చింది. సాకెట్టు నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదు. 30 మిల్లీ ఆంపియర్లకు మించని రక్షణ పరికరం ఉండాలి. మన షెడ్డుకు కూడా ఇదే మంచి కొలత.

మీరు చేయవలసినవి

• లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. 100, 300 రకాలు మనుషుల రక్షణకు చాలవు.
• ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్త్‌ది. దానిని విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టవద్దు.
• ఛార్జరుకు మెయిన్ బోర్డు నుండి విడిగా లైను వేయించండి.
• ఆర్.సి.సి.బి. మీది టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కండి. అది పడిపోకపోతే వెంటనే మార్పించండి.
• ఈ పరికరం ఉందని తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. ఒకేసారి ఫేజు, న్యూట్రలు రెండూ తగిలితే అది కాపాడలేదు.

ఎవరికైనా షాక్ తగిలితే

ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టుకుంటే ఇద్దరి ప్రాణాలూ పోతాయి. మెయిన్ అందకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో వైరును తొలగించండి. వీధి స్తంభం నుండి తెగిన తీగ అయితే దగ్గరకు వెళ్లవద్దు. 108కి ఫోన్ చేయండి. పలకక, ఊపిరి ఆడకపోతే రొమ్ము నడిమధ్య రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ముఖాన నీళ్లు కొట్టడం, నోట్లో నీళ్లు పోయడం చేయవద్దు.

లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకురండి. పైకి చిన్న మచ్చలాగా కనిపించే కాలినగాయం లోపల కండరాన్ని కాల్చి ఉండవచ్చు. గుండె లయ చూడటానికి ఇ.సి.జి. తీయాలి.

కుటుంబ ప్రార్థన తర్వాత ఈ వారమే మీ మెయిన్ బోర్డు తెరిచి చూడండి. ఆర్.సి.సి.బి. లేకపోతే ఆ ఖర్చును పిట్టగోడ ఖర్చుగా ఎంచండి. దేవుడు మీ గృహములను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్