ఆవిరి తెల్లగా ఉంటుందా?

తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఆ పక్క చాలామంది పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. పుస్తకంలోని ‘తిరవం’ మన ద్రవమేనని ఒక్కమాట చెప్తే చాలు, పట్టేస్తారు.

ఐసు కరగడం తేలికే. చిక్కంతా ఆవిరి దగ్గర. ఇడ్లీ కుండ మూత తీయగానే తెల్లగా లేచేది ఆవిరి అంటాం గదా, అది చల్లబడి మళ్లీ నీళ్లయిన సన్నటి తుంపర. అసలు ఆవిరి కంటికి కనపడదు. నీళ్లు మరిగే కెటిల్ చూపండి (దూరం నుంచే!). ముక్కు అంచున ఏమీ ఉండదు, కాస్త ఎడంగా తెలుపు మొదలవుతుంది.

ఐసునీళ్ల గ్లాసు బయట చెమరిస్తే “గ్లాసు కారుతోందక్కా” అంటారు. కాదనకండి. అందులో కుంకుమ కలపండి. లోపల ఎరుపు, బయటి చుక్కలకి రంగే ఉండదు. అవి గాలిలోంచి వచ్చినవి.

మద్రాసుకి పోయినవి పోగా, పూండి జలాశయంలో నీళ్లు ఎండాకాలం ఎటు పోతాయో అప్పుడు అడగండి.