నాలాకు ముందు వాన తోట

వాన తోట అంటే నేల మట్టానికి అర అడుగు దిగువగా ఉండేలా తవ్వి, ఇసుక కలిపిన మట్టి నింపి, నీటికీ ఎండకీ తట్టుకునే మొక్కలు నాటిన మడి. రెయిన్ గార్డెన్ అన్నా ఇదే. డాబా మీద, పార్కింగ్ స్థలంలో పడిన వాన నేరుగా వీధిలోకి పోకుండా ముందు ఇందులోకి దిగుతుంది. కొన్ని గంటలు నిలిచి, మట్టిలోంచి వడకట్టుకుని నేలలోకి ఇంకుతుంది. మిగిలింది ఒక పక్కనున్న అలుగు మీదుగా బయటికి పోతుంది. దీన్ని చిన్న కుంట అనుకోకూడదు. వాన వెలిసిన రెండు రోజుల తర్వాత కూడా అందులో నీరు కనిపించిందంటే కట్టడంలో ఏదో లోపం ఉన్నట్టే.

ఈ పద్ధతి 1990 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో మొదలైంది. సోమర్‌సెట్ అనే కొత్త కాలనీలో వాన నీటి కోసం మామూలుగా తవ్వే పెద్ద గుంటను మానేసి, దాదాపు ప్రతి ఇంటి ఆవరణలో 300 నుంచి 400 చదరపు అడుగుల మడి వేశారు. ఆ తర్వాత మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అలెన్ డేవిస్ బృందం ప్రయోగశాల పెట్టెల్లో ఇలాంటి మట్టి పొరలు పేర్చి పరీక్షించింది. నీటిలో కరిగిన రాగి, సీసం, జింకులో చాలా భాగాన్ని మట్టే పట్టి ఉంచుతోందని తేలింది. చైనా 2015లో 16 నగరాల్లో స్పాంజ్ సిటీ పేరుతో ఇదే ఆలోచనను ఊరంతటికీ విస్తరించే ప్రయత్నం మొదలుపెట్టింది.

హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో దీని అవసరం నేల స్వభావం నుంచే పుట్టింది. 1998 నవంబర్ 22న ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూర్, కొత్తగూడ, కొండాపూర్ పరిసరాల్లో ఎక్కువ భాగం గుట్టలు, బండలు, తుప్పలు, చెలకలే. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్. ఎర్రమట్టి, మొరం కొంత నీరు తాగేవి. మిగిలింది వాగుల్లో పడి గొలుసుకట్టు చెరువులకు చేరేది. కొత్తగూడలో 274 ఎకరాల బొటానికల్ గార్డెన్ లోపల ఆ పాత నేల ఇంకా కొంత మిగిలి ఉంది. దాని గోడ బయటంతా కాంక్రీటు, తారు. గడ్డీ పొదలూ ఉన్న వదులు నేల మీద పడిన వానలో పదింట రెండు మూడు వంతులే పారితే, కాంక్రీటు మీద తొమ్మిది వంతులు పారుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. కొండాపూర్ వీధులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఆ నీరు నిమిషాల్లో పల్లంలో ఉన్న కూడలికి చేరుతుంది.

వరద సంగతి అందరికీ కనిపిస్తుంది, పేపర్లలో ఫొటోలూ వస్తాయి. కనిపించనిది మురికి. నాలుగైదు వారాల ఎండ తర్వాత పడిన మొదటి జల్లు రోడ్డును కడిగేస్తుంది. ఇంజన్ ఆయిల్ చుక్కలు, బ్రేకుల నుంచి రాలిన రాగి పొడి, టైర్ల అరుగుదల, రేకుల మీది జింకు, కుక్కల మలం, లాన్లకు చల్లిన ఎరువు, వీటన్నిటికంటే ఎక్కువగా కట్టుబడి స్థలాల నుంచి కొట్టుకొచ్చిన మట్టి, సిమెంటు ధూళి ఆ మొదటి నీటిలోనే పోతాయి. గంట తర్వాత పారే నీరు దానితో పోలిస్తే చాలా తేట. టైర్ల పొడి ఎంత ప్రమాదమో 2020 డిసెంబర్‌లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలు వాన కురిసిన ప్రతిసారీ గుడ్లు పెట్టకముందే వాగుల్లో చనిపోతుండేవి. టైర్లు పగలకుండా రబ్బరులో కలిపే రసాయనం ఒకటి గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారడమే అందుకు కారణమని తేలింది. అంతకు కొన్నేళ్ల ముందే, అదే రోడ్డు నీటిని వాన తోట మట్టిలోంచి వడకట్టి వదిలితే ఆ చేపలు బతుకుతున్నాయని ఇంకో ప్రయోగం నిరూపించింది.

కలుషిత వాగు అనగానే హైదరాబాద్ వాళ్లకు గుర్తొచ్చేది కొండాపూర్‌కు వాయవ్యంగా ఉన్న పటాన్‌చెరు, అక్కడి నక్కవాగు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ కాలుష్యానికి ఒక గొట్టం ఉంది, గొట్టానికి చిరునామా ఉంది. నోటీసు ఎవరికివ్వాలో తెలుసు. కొండాపూర్ రోడ్ల మురికికి అలాంటి చిరునామా లేదు. ప్రతి పార్కింగూ కొంత, ప్రతి డాబా కొంత ఇస్తుంది. నక్కవాగు నీరు మంజీరలో కలిసి గోదావరికి పోతుంది, కొండాపూర్ పక్క నీరు మూసీ ద్వారా కృష్ణకు పోతుంది. ఈ రెండు నదుల మధ్య మిట్ట ఈ ఐటీ కారిడార్ అంచుల్లోనే ఉందన్నది ఇక్కడుండే వాళ్లలో చాలామందికి కొత్త విషయం.

కొండాపూర్ పక్క నీరు మూసీకి పోయే దారిలో కట్టిన చెరువుల్లో పేరున్నది దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు అది. ఇప్పుడు దాని మీద 2020లో తెరిచిన తీగల వంతెన, ఒడ్డున మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. తాగునీటి చెరువుకు మురుగు శుద్ధి కేంద్రాలు కట్టాల్సి రావడంలోనే దాని ఇటీవలి చరిత్ర అంతా ఉంది.

నాలా (వాన కాలువ) నీటిని పరీక్షించాలనుకునే విద్యార్థులు గానీ, కాలనీ సంఘాలు గానీ ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అందులో పారుతున్నది వానా, మురుగా? కాగితం మీద హైదరాబాద్‌లో వాన కాలువలు వేరు, డ్రైనేజీ పైపులు వేరు. ఆచరణలో ఎన్నో డాబాల గొట్టాలు డ్రైనేజీలోకి, ఎన్నో ఇళ్ల మురుగు నాలాలోకి కలిసిపోయాయి. వాన పడగానే మ్యాన్‌హోళ్లు పొంగడానికి ఒక కారణం ఇదే. ఏప్రిల్ ఎండల్లో కూడా నాలా పారుతోందంటే అది వాన నీరు కాదు. కాబట్టి నమూనాలు మూడు సందర్భాల్లో తీయాలి: వాన లేని రోజున ఒకటి, మొదటి జల్లు పడిన పది పదిహేను నిమిషాల్లో ఒకటి, వాన బాగా కురిశాక ఒకటి. చోటు మారకూడదు, సమయం రాసుకోవాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను అక్కడికక్కడే కొలవాలి, సీసాలో పట్టి ఇంటికి తెస్తే అంకె మారిపోతుంది. అమ్మోనియా, కోలిఫాం బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటే మురుగు కలిసినట్టు. మడ్డి, జింకు, నూనె మొదటి జల్లులో ఎగబాకి తర్వాత తగ్గితే అది రోడ్డు కడిగిన నీరు. సరిపోల్చడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలు ఉన్నాయి. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, బీఓడీ (మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు దాటకూడదు. చేపలు బతకడానికి 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి.

మురుగు కలిసిన నాలాను వాన తోటలు బాగుచేయలేవు. అది పైపులు సరిచేయాల్సిన పని. రెండింటినీ కలిపేసి మాట్లాడితే రెండూ జరగవు. చెరువులోకి చేరిపోయిన నీటి విషయంలో మొక్కలతో చేసిన ప్రయత్నం ఇక్కడికి దగ్గర్లోనే, మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువులో జరిగింది. 2018 ఫిబ్రవరి 2న, చిత్తడి నేలల దినం నాడు, ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ హెచ్‌ఎండీఏ తదితర సంస్థల తోడ్పాటుతో 3,000 చదరపు అడుగుల తేలే మొక్కల దీవిని అక్కడ నీటి మీద వదిలింది. అడుగున వెదురు, దాని మీద థర్మోకోల్, గోనె సంచులు, కంకర పరిచి వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటివి నాటారు. మొక్కలకు కావలసిన నత్రజని, భాస్వరం నీటిలోని మురికి నుంచే అందుతాయి. వాన తోట చేసేదీ ఇదే పని, కాకపోతే నీరు చెరువుకు చేరకముందే చేస్తుంది.

కట్టే ముందు నేలను పరీక్షించాలి. అడుగు లోతు గొయ్యి తీసి, నీళ్లు పోసి ఇంకనిచ్చి, రెండోసారి పోసి గంటకు ఎంత దిగుతోందో స్కేలుతో చూడాలి. గంటకు 12 మిల్లీమీటర్లు దిగితే అర అడుగు నీరు దాదాపు 13 గంటల్లో పోతుంది, అది చాలు. కొండాపూర్‌లో కొన్ని చోట్ల రెండడుగులకే షీట్ రాక్ తగులుతుంది. అక్కడ అడుగున చిల్లుల పైపు వేసి వడకట్టిన నీటిని బయటికి తీయక తప్పదు. ఇంటి పునాదికి పది అడుగుల దూరం ఉండాలి. సంపు పక్కన, సెప్టిక్ ట్యాంకు మీద అసలు వద్దు.

లెక్క కష్టమేమీ కాదు. 100 చదరపు మీటర్ల డాబాకు 10 చదరపు మీటర్ల మడి అనుకుంటే, పైన 15 సెంటీమీటర్ల లోతులో 1,500 లీటర్లు నిలుస్తాయి. కింద 60 సెంటీమీటర్ల మట్టిలో నాలుగో వంతు ఖాళీలు ఉంటాయి కాబట్టి అందులో ఇంకో 1,500 లీటర్లు పడతాయి. అంటే డాబా మీద పడిన 3 సెంటీమీటర్ల వానను అది పట్టుకుంటుంది. ఏడాదిలో పడే వానల్లో చాలా భాగం అంతకంటే చిన్నవే, మురికిలో ఎక్కువ భాగం ఉన్నది వాటి మొదటి నీటిలోనే. అయితే 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబర్ 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు కురిసినట్టు కురిస్తే ఆ మడి అలుగు పారుతూ ఉండిపోతుంది. వాన తోటలతో వరదలు ఆగుతాయని చెప్పే ప్రచారాన్ని నమ్మక్కర్లేదు.

మట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, మిగతాది ఎర్రమట్టి, కొంచెం కంపోస్టు కలపాలి. కంపోస్టు ఎక్కువైతే దానిలోని భాస్వరం, నత్రజని నీటితో కలిసి బయటికి పోయి, ఆపాలనుకున్న కాలుష్యాన్ని తోటే పెంచుతుంది. మొక్కల ఎంపికలో విదేశీ పుస్తకాలు పనికిరావు. ఇక్కడి మడి ఏడెనిమిది నెలలు ఎండుతుంది, నాలుగు నెలలు తడుస్తుంది. లోతైన చోట వట్టివేరు, తుంగ, మెట్టతామర, అంచుల్లో నిమ్మగడ్డి, గరిక, కాస్త స్థలముంటే వాగుల ఒడ్డున తనంతట తాను పెరిగే వావిలి బాగా నిలబడతాయి.

200 గజాల ఇంట్లో అంగుళం వదలకుండా కట్టేశాక మడికి చోటెక్కడ? అలాంటి ఇళ్లకు ఇంకుడు గుంతే దిక్కు. కింద 40 మిల్లీమీటర్ల కంకర, పైన 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన ఇసుక నింపిన ఆ గుంత డాబా నీటికి సరిపోతుంది. పార్కింగ్ నీటిని అందులోకి వదిలితే మాత్రం ఆయిలూ లోహాలూ సరిగా వడకట్టకుండానే భూగర్భ జలంలోకి దిగే ప్రమాదం ఉంది. వాన తోటకు అసలైన చోట్లు గేటెడ్ కమ్యూనిటీలు, ఐటీ క్యాంపస్‌లు, పార్కులు, రోడ్డు డివైడర్లు. డివైడర్లలో మట్టిని రోడ్డు కంటే ఎత్తుగా పోసి, చుట్టూ గట్టు కట్టి, ట్యాంకర్లతో నీళ్లు పోయడం నగరంలో మామూలైపోయింది. వాన పడితే ఆ మట్టే రోడ్డు మీదికి జారుతుంది. అదే మట్టిని అర అడుగు దింపి, గట్టులో అక్కడక్కడ ఖాళీ వదిలితే రోడ్డు నీరే మొక్కలకు చేరుతుంది.

దోమల భయం సహజమే, డెంగీ ఉన్న ఊరిది. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు పడుతుంది. రెండు రోజుల్లో ఎండే మడిలో అది సాధ్యం కాదు. నీరు అంతకు మించి నిలుస్తుంటే పైన ఒండ్రు పేరుకుందని అర్థం. ఏటా మే నెలలో ఆ పొరను గీకి తీయాలి, ఎండిన ఆకులు ఏరాలి, అలుగు చూసుకోవాలి. లోహాలు పై రెండు మూడు అంగుళాల మట్టిలోనే పేరుకుంటాయి కాబట్టి పార్కింగ్ నీరు వచ్చే మడిలో కొన్నేళ్లకోసారి ఆ మట్టిని మార్చాలి. తీసిన మట్టిని కూరగాయల కుండీల్లో పోయకూడదు, ఆ మడిలో తోటకూర, పుదీనా లాంటివి పెంచకూడదు.